కుంకుమ దీనికి, చందనం దానికి

ఆయుధపూజ అయిన రెండోనాడు పొద్దున్నే ఫోను.
"పూజనాడు బాగానే పండుకునింది సామీ,
ఇప్పుడు లేస్తా లేదు" అన్నాడు దొరసామి,
పాడి ఆవును గురించి చెప్పినట్టు.

చిత్తూరు, బెల్లం మండీ.
గేటు బయట పూతలపట్టు బండ్లు, పెనుమూరు ఆటోలు.
తూకం కాని బెల్లం మీద గోనెపట్టలు,
గోనెపట్టల మీద ఈగలు,
ఈగల మీద రైతుల కోపం.

టేబుల్ మీద అది.
రెండు బెల్లం అచ్చులు పక్కపక్కన పెట్టినంత
నల్లటి చిన్న డబ్బా.
నొసట మూడు వేళ్ల చందనం, నడిమిన కుంకుమ,
నెత్తిన వాడిన బంతిపువ్వు, పక్కన కోసిన నిమ్మకాయ.
ఇన్నేళ్లలో నేను మూత విప్పిన వేటికీ
ఇంత మర్యాద జరగలేదు.

బటన్ నొక్కినా.
దీపం వెలిగింది. ఫ్యాను సగం చుట్టు తిరిగి
ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చినట్టు ఆగింది.
మళ్లీ నొక్కినా. మళ్లీ అంతే.
"దిష్టి" అన్నాడు మొగిలప్ప గల్లాపెట్టె దగ్గర నుంచి.
"మొన్న ఎదురు మండీవాళ్లు వచ్చి చూసిపోయినారు."

నాలుగు మరలు విప్పి మూత తీస్తే
లోపల ఒక ఊరు.
చీమలు.
మెమరీ కార్డు కింద గుడ్లు కూడా పెట్టుకున్నాయి,
ఆ వెచ్చదనానికి మరిగి.
ఇదే అనుకున్నా. దొరికిపోయింది అనుకున్నా.
బ్రష్షుతో ఊడ్చి, కార్డు పెరికి,
మా పాప పెన్సిలు డబ్బాలో అడిగి తెచ్చుకున్న
మామిడిపండు వాసన రబ్బరుతో
దాని బంగారు పళ్లు తోమి బిగిస్తే
సగం చుట్టు.

రూపాయి బిళ్లంత బ్యాటరీ మార్చినా.
సగం చుట్టు.
హార్డ్ డిస్కు తీసి పక్కన పెట్టినా.
సగం చుట్టు.
బయట ఎవరో అంటున్నాడు,
"మా తాత కాలంలో తక్కెడకు కరెంటు అక్కర్లేదు."
నిజమే.
తక్కెడకు నేనూ అక్కర్లేదు.

గంటన్నర. చెమట కంట్లో పడి
ఆసరాకు గోడ మీద చెయ్యి వేస్తే
ఇంటర్నెట్ డబ్బా తగిలింది.
చురుక్కుమంది.
జొరం వచ్చిన బిడ్డ నొసలు అది.

ఒకదానికి ఆకలి,
ఒకదానికి అజీర్తి.

వైరు పట్టుకుని టేబుల్ కిందికి దూరినా, మోకాళ్ల మీద.
రెండు అడాప్టర్లు. అదే నలుపు, అదే తోక, కవలలు.
కళ్లద్దాలు తుడుచుకుని చదివితే
ఒకదాని పొట్ట మీద పన్నెండు, ఒకదాని మీద పంతొమ్మిది.
పన్నెండు వోల్టులు పోసి లెయ్యమంటే
ఎట్లా లేస్తాది పాపం?
పిన్ను పట్టినంత మాత్రాన పానం పడుతుందా!

అక్కడి నుంచే కనపడినాయి
తలుపు దగ్గర రెండు పాదాలు, అరిగిన మట్టెలు,
చీపురుకట్ట చివర.
చెంగమ్మ.
పూజకని వైర్లన్నీ పెరికి, తుడిచి,
నేల ఆరినాక ఎక్కడివక్కడ పెట్టింది ఆమే.
పాదం మీద పాదం వేసుకుని నిలబడి ఉండాది.
ఆమెకు అప్పటికే తెలుసని నాకు అనిపించింది.

మార్చి పెట్టినా.
ఒక చుట్టు, రెండు, ఇక లెక్క అందలేదు.
తెర మీద తేదీ ఏ కాలానిదో,
కొత్త బ్యాటరీకి నిన్న ఏమి తెలుసు!
ఈరోజుకు తెచ్చి పెట్టినా.

"ఏమైందప్పా?" మొగిలప్ప.
"చీమలన్నా."
అబద్ధమేమీ కాదు. చీమలుండాయి కదా.

ఆయన బిల్లు కోసం కళ్లజోడు వెతుక్కునేటప్పుడు
చెంగమ్మను టేబుల్ కిందికి పిలిచినా.
"అక్కా, ఈ లావుదానికి కుంకుమ పెట్టు.
కుంకుమ ఉండే డబ్బాకు ఇది.
గోడ మీది దానికి చందనం."
పళ్లెంలో ఎండిపోయిన చందనాన్ని
ఎంగిలి పడనీకుండా నీళ్లచుక్కతో తడిపి పెట్టింది.
"అంతేనా?" అనింది.
"అంతే."

పన్నెండు కొట్టేసరికి మొదటి బండి కాటా ఎక్కింది.

ఇంటికొచ్చి బ్యాగు తెరిస్తే
స్క్రూడ్రైవర్ల నడుమ కాగితంలో చుట్టిన బెల్లం ముక్క.
ఎవరు ఎప్పుడు పెట్టినారో.
నాకంటే ముందు
చీమలు చూసినాయి దాన్ని.