పౌండు గుర్తు

అబర్డీన్‌లో ఇవాళ హార్ దిగింది.
సముద్రం మీంచి వచ్చే పొగమంచుకు ఇక్కడివాళ్లు పెట్టుకున్న పేరు.
ఎదురింటి గ్రానైటు గోడ కూడా లేదు కిటికీలో.
బయటికెళ్లే పని తప్పింది గనక
పాత లాప్‌టాప్ తెరిచాను.

రెండు వేల అయిదు. కోదండపాణి ఈమెయిళ్లు పదకొండు.
à° à° à° à°
నెత్తిన ఈక పెట్టుకున్న ఒక ఏ, పక్కన
థర్మామీటరు మీది చిన్న సున్న.
ఎక్కడ చూసినా అదే జోడీ.
ఇంచుమించు ప్రతి తెలుగక్షరానికీ జ్వరమే.

అప్పట్లో నేను చదివింది ఇంతే:
ఆ చెత్తలో అక్కడక్కడా £,
ఒకచోట చెక్కుచెదరని 40,
ప్రతి ఉత్తరం చివరా మళ్లీ £, దాని వెనకే
తలకిందులుగా వేలాడే ప్రశ్న ¿.

టోరీలో ఇద్దరికీ ఒకటే గది. చేపల ఫ్యాక్టరీలో రాత్రి పాళీ.
ఎంత ఉతికినా హాడక్ వాసన వదలని రెండు జాకెట్లు,
వాటికి ఒకటే కొక్కెం.
నా దగ్గర నలభై పౌండ్లు తీసుకుని
లెర్విక్ పడవెక్కాడు.
ఇంకా అడుగుతున్నాడే, సిగ్గు లేదూ, అనుకున్నాను.
ఒక్కదానికీ జవాబివ్వలేదు.

ఇవాళ తీరిగ్గా విప్పాను.
మూడేసి ముక్కలు కలిస్తే ఒక అక్షరం.
బియ్యంలో రాళ్లు కాదు,
రాళ్లలో బియ్యం ఏరడం.
మూడు చుక్కలు కనిపిస్తే అది అ.
సమాధి మీది శిలువలాంటిది ఆ.
తలకిందుల ప్రశ్న, పాపం, వట్టి గుడి.
£ ఏమో
ణ.

ఇక్కడ వేసవిలో చీకటే పడదు, ఏ క్షణాన నిద్రపోవాలో తెలీదు,
అని రాశాడు. ఆ ణ.
కారణం లేకుండా నవ్వొస్తోంది. ఆ ణ.
చివర్న చెయ్యి చాచింది డబ్బుకి కాదు.
పాణి. వాడి సంతకం.

"ఆ 40 కరెంటు మీటరు వెనక పెట్టొచ్చాను, చూశావా?"
చూళ్లేదు.
ఆ ఇల్లు కూలగొట్టి పదేళ్లయింది.
ఏ ఎలక్ట్రీషియనో ఆ సాయంత్రం
నలుగురికి బీరు పోయించి ఉంటాడు. పోనీలే.

అన్నీ దక్కలేదు.
కొమ్ముల్నీ పొల్లుల్నీ దారిలో ఏ సర్వరో మింగేసి
వాటి చోట్లో ప్రశ్నార్థకాలు గుచ్చిపోయింది.
పదకొండో ఉత్తరంలో ఒకటే మాట:

గ?ర?త?న?నానా?

చాలాసేపు నోట్లో నానబెట్టాను.
గుర్తున్నానా. గురుతున్నానా.
ఎలా పూరించినా అదే.
మొదటి నాలుగూ యంత్రం పెట్టినవి,
అయిదోది వాడు పెట్టింది.

ఆ అడ్రసు ఇంకా పనిచేస్తుందో లేదో.
'పాణీ' అని మొదలుపెట్టాను.
ణ పడాలంటే షిఫ్టు నొక్కి పట్టుకోవాలి.
పట్టుకునే ఉన్నాను.