పీలిక, తాను

డెల్ఫ్ట్‌లో ఆ చలికాలం
కాలవలన్నీ గడ్డకట్టాయి,
మా లెక్క మాత్రం కుదుటపడలేదు.

చాకలి సోడా.
అవును, బట్టలుతికే సోడాయే, నీరంతా ఇగిర్చింది.
వెంట్రుకంత గాజుగొట్టంలో కూరి
ఎక్స్‌రే ముందు నిలబెడితే
రాత్రంతా యంత్రం గుర్రుమనేది.
తెల్లారి తడి ఫిల్ము మీద గీతలు కొలవడం నా పని.
భూతద్దం, స్కేలు, నోటుపుస్తకం.

ప్రతి గీతకీ మూడు పూర్ణాంకాలు దొరకాలి.
స్ఫటికమంటే అంతే కదా,
ఒకే ఇటుక, ఒకే ఎడం, గోడ ఎంత దూరం పోయినా.
ముదురు గీతలు బుద్ధిగా తమ అంకెలు చెప్పాయి.
వాటి పక్కనే, పిలవని పేరంటానికొచ్చినట్టు
పల్చటివి కొన్ని.
ఏ మూడంకెలూ వాటికి నప్పవు.

"సోడాలో మురికి" అన్నారు రోయ్‌మన్స్ గారు.
శుద్ధి చేశాం. ఉన్నాయి.
"అయితే నీ కళ్ళలో."
ఇరవై మూడు గిల్డర్లు పోసి కళ్ళజోడు మార్చాను.
ఉన్నాయి.
కాస్త వేడి చేస్తే పక్కకి జరిగాయి,
అప్పులవాణ్ణి చూసినట్టు.

శనివారం సాయంత్రం
మా ఇంటావిడ మెఫ్రౌ ఓస్తింగా
నీలిపూల గుడ్డని మూలవాటంగా కత్తిరిస్తోంది.
తిన్నగా కొయ్యకూడదా అంటే
"మెడ చుట్టూ తిరగాల్సిన అంచు, వాలుగా కోస్తేనే సాగుతుంది" అంది.
పీలిక నా ఒళ్ళో పడింది.
అంచు వెంట సగం పువ్వు, ఒట్టి కాడ,
ముప్పాతిక పువ్వు, మళ్ళీ ఏదో ఆకుముక్క.
అలవాటు చావక స్కేలు పెట్టాను.
ఒకసారి వచ్చిన వరస మళ్ళీ రాలేదు.
"అచ్చు తప్పినట్టుంది" అన్నాను.

ఆవిడ నోట్లో గుండుసూదులు తీసి నవ్వింది.
"గుడ్డకేం తప్పు లేదమ్మాయ్.
నువ్వు పీలిక చూస్తున్నావు.
తాను చూడు."

కాఫీ చల్లారిపోయింది.
నోటుపుస్తకంలో మూడు గడుల పక్కన
నాలుగోది గీశాను.
పల్చటి గీతలు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి,
ఒకటి, మైనస్ ఒకటి, అక్కడక్కడా రెండు.

అణువులు దారి తప్పలేదు.
వాటినొక అల ఊపుతూ పోతోంది,
దాని పొడవు ఇటుక పొడవుతో
శేషం లేకుండా ఎన్నటికీ తెగదు.
మన మూడు కొలతల్లో పడింది వాలు పీలిక.
తాను నాలుగు కొలతల్లో పరిచి ఉంది,
ఒకే పువ్వు, ఒకే ఎడం.

సోమవారం రోయ్‌మన్స్ గారు ఆ గడిని చాలాసేపు చూశారు.
"ఈ నాలుగో దిక్కు ఎటుంది?"
"తెలీదండి. లెక్కలో ఉంది."
పెన్సిలు చెవి మీంచి తీసి, ఏదో రాయబోయి,
"ఐదో గడికి కూడా చోటుంచు" అన్నారు.

ఇంటికొచ్చేసరికి పెరట్లో
మెఫ్రౌ ఓస్తింగా తొట్టిలో గుప్పెడు సోడా వేస్తోంది.
అది నీళ్ళు తాగిన సోడా, మాది కాదు,
అయినా చెబుదామని నోరు తెరిచాను.
అప్పటికే కరిగిపోయింది.
"అలా నిలబడకపోతే
ఆ దుప్పటి రెండో కొస పట్టుకో" అంది.