ఒక్క రూపాయి తక్కువ

నర్సాపురం రేవులో తొలి పంటు దిగి
బ్యాంకు షట్టరు ఎత్తకముందే
మెట్ల మీద కూర్చుంది ఓలేటి మంగాయమ్మ.
గంప ఖాళీయే గానీ
ఉప్పుచేప వాసన ఆమెకంటే ముందు లోపలికొచ్చి
టోకెను తీసుకుంది.

"నా డబ్బులెవడో తింటన్నాడమ్మా.
నెలకోసారి, అయిదో తారీఖున.
గోడ మీద బొగ్గుతో గీతలెట్టాను, చూడు"
అంటూ, గోడ తేలేదు గనక
అయిదు వేళ్ళూ నా ముందు నిలబెట్టింది.

పాస్‌బుక్కు ప్రింటరు నోట్లో పెట్టాను.
పద్నాలుగు వందల తొంభై తొమ్మిది.
పద్నాలుగు వందల తొంభై తొమ్మిది.
పక్కన ఏదో కంపెనీ, సగం అక్షరాలు సగం అంకెలు.
ఊరు లేదు, వీధి లేదు,
తిడదామంటే ముఖం లేదు.

"ఎక్కడైనా సంతకం పెట్టావా?"
"నాకు సంతకమెక్కడిది తల్లీ, బొటనవేలే.
అదీ రొయ్యల షెడ్డులో తలలు తీసీ తీసీ అరిగిపోయింది.
రేషను మిషనే నన్ను గుర్తుపట్టదు,
వాడెలా పట్టాడు?"

అంతలో చెరువుల పెన్మెత్స రాజుగారొచ్చి
మేతల డీలరుకిచ్చిన చెక్కు ఆపమన్నారు.
నంబరు చెప్పారు, సంతకం గీకారు,
కాఫీ సగంలో ఉండగానే
ఆగిపోయాయి ఆరు లక్షలు.
కాగితం కదా, కాళ్ళుండవు.
మంగాయమ్మ అంతా చూసింది.
"ఆయనది అంత తొరగా ఎలా ఆగింది?"
జవాబు నా దగ్గరుంది
గానీ అది ఇంగ్లీషులో ఉంది.

ఫారంలో 'ఎప్పుడు తెలిసింది' అనే గడి దగ్గర
పెన్ను మొరాయించింది.
మూడు రోజుల్లో చెబితే ఒక లెక్క, దాటితే ఇంకో లెక్క.
"ఫోనుకి మెసేజి రాలేదా?"
"కుయ్‌మంది. కుయ్‌మన్నదల్లా చదవటానికి
నేనేవన్నా పోస్టు మేష్టర్నా?"
ఇవాళే తెలిసిందని రాశాను.
అబద్ధం కాదది, చాలావరకు.

మళ్ళీ అయిదో తారీఖు.
పద్నాలుగు వందల తొంభై తొమ్మిది అడిగితే
ఇవ్వకని కంప్యూటరుకి చెప్పే ఉంచాను.
వాడు అడిగింది
పద్నాలుగు వందల తొంభై ఎనిమిది.
యంత్రం మర్యాదగా తలుపు తీసింది.

మంగాయమ్మ తిట్టలేదు.
గంప బోర్లించి దాని మీద కూర్చుని
వేళ్ళు వేళ్ళకి అడ్డం పెట్టి
వల కన్ను చేసి చూపించింది.
"కన్ను కొలిచి కట్టావమ్మా.
చేప ఓ రవ్వ చిక్కింది,
చిక్కకుండా పోయింది.
కొలతలెందుకు, మొగ దగ్గరే కట్టెయ్యి.
మా రేవులో చంటోడిక్కూడా తెలుసు."

రెండు మెయిళ్ళు, మేనేజరుగారితో ఒక పేచీ,
ఫోను అవతల ఇరవై నిమిషాల సన్నాయి.
ఈసారి అంకె మీద కాదు, పేరు మీదే కట్టేశాను,
పైసా కూడా దూరకుండా.
తర్వాతి అయిదున వాడొచ్చాడు.
తలుపు తట్టాడు. పోయాడు.
స్క్రీను మీద ఎర్రటి గీత ఒకటి.
ఆ మధ్యాహ్నం క్యారేజీలో
చప్పటి బీరకాయ కూడా బాగుంది.

ఎనిమిదిన మళ్ళీ తొలి పంటు, మళ్ళీ ఆ వాసన.
కౌంటరు మీద పొట్లం, నా కోసం సావిడాయలు.
"వాడు పోయాడు, నీ కడుపు సల్లగుండ.
గానీ ఈ నూట పద్దెనిమిదీ ఎవడిదో
వాణ్ణి కూడా ఆపమ్మా."

పాస్‌బుక్కు తిప్పాను.
ఆపినందుకు రుసుము, జీఎస్టీతో కలిపి.
ఈసారి పేరు పూర్తిగా ఉంది,
ఊరుంది, వీధుంది,
అద్దం ఇవతల
నా ముఖమూ ఉంది.

పొట్లం విప్పలేదు నేను.
ఆమె వేళ్ళు లెక్కపెట్టుకుంటోంది,
ఒక చెయ్యి చాలక రెండోది తెరిచి.

"ఏడో గీత పెట్టమంటావా,
ఆగమంటావా?"