వాలు

తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కి ఒకటే షరతు పెట్టాను:
బొమ్మ మీ ఇష్టం, వంకర గీత ఉండకూడదు,
ప్రతి గీత పక్కనా దాని సమీకరణం రాయాలి.

ఏసుపాదం బ్యారేజీ గేట్లు నిలబెట్టాడు.
x = 1, x = 2, x = 3...
గ్రాఫ్ కాగితం చాలక
పన్నెండో గేటు దగ్గరే కృష్ణ ఆగిపోయింది.
మీరావలి గాలిపటానికి దారం వంగుతుందని అలిగి
దారం లేకుండానే ఎగరేశాడు.

ఎస్తేరు మాత్రం ఒక్కటే గీత గీసింది.
కింద వీధి కుళాయి, పైన రేకుల ఇల్లు,
మధ్యలో క్రీస్తురాజుపురం కొండ మెట్లు.
y = 3x + 2.

"మెట్లు మరీ ఇంత నిటారుగా ఉంటాయా?
వాలు ఒకటి చాలదూ?"
"మీరు బిందెతో ఎక్కలేదు సార్."

"సున్నా దగ్గర మొదలెట్టలేదేం?"
"కుళాయి గట్టు మీదుంది కదా."

సరిచూశాను. ఒకటికి అయిదు, రెండుకి ఎనిమిది.
తప్పు దొరకలేదు.

గీతకి అటూ ఇటూ
నీలం క్రేయాన్ చుక్కలు, పైదాకా.
ఏ విలువ వేసినా సమీకరణంలో ఇమడవు.
ఎర్ర పెన్ను మూత తీసి
అలాగే పట్టుకు కూర్చున్నాను.

నిండుకుండ తొణకదని
మొన్న సోమవారం బోర్డు మీద
రాయించింది నేనే.
ఆ పిల్ల చేతే.