ఏ ఒడ్డుకి ఎవరు

తెల్లారకముందే వ్యాను లైట్లు ఆర్పి
లైట్‌హౌస్ మలుపులో నిలబడతాను.
గలీసియా తీరం ఇంకా నిద్రలేవలేదు,
సముద్రం మాత్రం రాత్రంతా పడుకున్నట్టు లేదు.

ముందు చెవితో చూస్తాను.
గులకరాళ్లని ఈడ్చుకుపోతున్న చప్పుడైతే నీళ్లు తీస్తున్నట్టు,
ఎవరో తలుపు బాదినట్టుంటే
వాయవ్యం నుంచి చుట్టాలొచ్చినట్టు.
అలకీ అలకీ మధ్య అంకెలు లెక్కపెడతాను.
ఎనిమిదైతే ఆట.
ఇవాళ పద్నాలుగు.
అంటే ఎక్కడో చాలా దూరాన పెద్ద గాలి రేగింది,
ఆ కబురు ఇన్ని రోజులు నడిచి ఇప్పుడు మా రాళ్లకి చేరింది.
ఈశాన్యం వీస్తే అలకి తల దువ్వినట్టుంటుంది,
నైరుతికి తిరిగిందా, అంతా చింపిరి జుట్టే.

వ్యానులో నాలుగు పలకలు.
అందరూ బోర్డంటారు, నాకది పలకే.
మొదటి రోజు ఎవరైనా దాని మీద పిచ్చిగీతలే గీస్తారు,
అక్షరం తర్వాత సంగతి.

ఇరియాకి ఎనిమిదేళ్లు. తనకి అర్నెలా చాలు.
కొండకొమ్ము వంగి చెయ్యి అడ్డం పెట్టిన చోటు అది.
ఎంత పొగరుబోతు అలైనా అక్కడికొచ్చేసరికి ముసలిదైపోయి
నడుం లోతులో నురగై కూలబడుతుంది.
ఇసుక చదును. పడితే నవ్వొస్తుంది.

అమాన్సియోకి అరవై మూడు.
నలభై ఏళ్లు ఉత్తరాలు పంచిన కాళ్లు.
"నన్నూ పిల్లల ఒడ్డుకేనా?" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు.
లేదు, పోటు సగమెక్కాక లోన్యాకి తీసుకెళ్లాను.
అక్కడ ఎడమపక్కన నీళ్లు నున్నగా,
మనకోసమే పరిచిన దారిలా కనిపిస్తాయి.
ఆ దారిని నమ్మొద్దన్నాను.
అల విరగని చోటునుంచే నీళ్లు వెనక్కి వెళ్తాయి,
మనిషిని కూడా చెయ్యి పట్టుకుని, చాలా మర్యాదగా,
లోపలికి తీసుకుపోతాయి.
ఎదురీదకు, పక్కకి ఈదు.
అతను తలూపాడు:
"కుక్క ఉన్న ఇంటికి నేనెప్పుడూ పక్క గేటునుంచే వెళ్లేవాణ్ణి."
ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఉక్సీయోకి పందొమ్మిది.
అతనికి ఒక్క ఒడ్డు పేరే తెలుసు, బోకా దో లోబో.
తోడేలు నోరు. పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు.
ఆటు వేళ కింది దవడ పళ్లు బయటపడతాయి,
పోటులో అది నోరు మూసుకుని మంచిదానిలా ఉంటుంది.
ఆ రాళ్ల మీద గుల్లలు కోసే దోరిన్దా
అతన్ని దగ్గరికి పిలిచి మోచెయ్యి చాపింది,
కుట్లు లెక్కపెట్టమంది.
పదకొండు దగ్గర అతని గొంతు తగ్గింది.
"ముప్పయ్యేళ్లు దీని మొహం చూస్తూ పనిచేశాను,
వీపు మాత్రం ఇప్పటికీ చూపించను."
సెప్టెంబరులో చూద్దాంలే అన్నాను నేను.
కాదనడం నాకు చేతకాదు, వాయిదా వెయ్యడం వచ్చు.

నాలుగోది నా పలక.
గాయం మానింది,
మోకాలు వంగడం మానేసింది.
మార్చి నుంచి ఆ పలకని వ్యానులో తిప్పుతున్నాను
ఏ ఒడ్డునా దించకుండా.
ఊరందరి కొలతలూ ఒక్క చూపులో తీసేదాన్ని,
నా దగ్గరికొచ్చేసరికి
గాలి బాగుండదు, టైరులో గాలుండదు,
ఎవరికో ఫోను చెయ్యాలి.

ఇవాళ అర్నెలాలో దించాను.
ఇరియా పక్కన, నడుం లోతులో.
మొదటి అల నన్ను పట్టించుకోలేదు.
రెండోది పట్టించుకుని పడేసింది.
నోట్లో ఉప్పు, ముక్కులో ఇసుక,
ఇంత తక్కువ నీళ్లలో పడి ఎన్నేళ్లయిందో!
ఇరియా నడుం మీద చేతులు పెట్టుకుని
అచ్చం నా గొంతుతోనే అంది:
"సబేలా, కాళ్ల వంక చూడకు. ఒడ్డు వంక చూడు."

చూశాను.
ఒడ్డున అమాన్సియో, నీళ్లోడుతూ,
కాఫీ ఫ్లాస్కు మూతతో కుస్తీ పడుతున్నాడు.
అటే వెళ్లాను,
లేవకుండా, బోర్లా పడుకునే,
ఆ చిన్న అల మోసినంత మేర.