ఎడమ దొంతర

మొలతాడు తీయించాను. ఎడమ దండ మీది
కసుమూరు తాయెత్తు తీయించాను.
గోళ్ళ సందున పలక పొడి మాత్రం రాలేదు.
అది ఇనుము కాదులే, లోపలికి పోనివ్వచ్చు.

ఖాశింపీరా, నలభై రెండేళ్ళు, మార్కాపురం.
చీటీ మీద రాసింది: చూపు తేడా, ఎడమ చెయ్యి తిమ్మిరి.
భార్య చెప్పింది వేరు.
"పలకలు లెక్కబెట్టేకాడ తప్పు పోతన్నాడమ్మా.
కుడేపు దొంతర ఒక్కటే లెక్కేసి
ఇంతే అంటన్నాడు.
మేస్త్రీ రెండు వారాల కూలి పట్టుకున్నాడు.
కంచంలో సగం కూడు అట్టనే పెట్టుకొని
ఇంకా ఎయ్యమంటాడు."

తోడొచ్చినవాళ్ళు టీకి పోయాక
జాకెట్లోంచి మడతలుపడ్డ పచ్చ పుస్తకం తీసి
నా చేతిలో పెట్టింది.
ఎండాకాలం నుంచీ మందుల గళ్ళన్నీ ఖాళీ.
బస్సు చార్జీ, ఒక రోజు కూలి, అని ఆగిపోయింది.
నేను అడగలేదు.

ఒంగోల్లో రాత్రి పదకొండు.
మిషను సమ్మెట దెబ్బల్లా మోగుతోంది.
అలవాటైన మోతేనేమో, ఆయన కదల్లేదు.

రాతిని ఉలితో పొరలుగా విడదీసేవాడి తలను
నేనూ అలాగే విడదీస్తున్నాను,
ఐదు మిల్లీమీటర్ల చొప్పున.
తెల్ల పదార్థమని పేరే గానీ
ఈ బొమ్మలో అది తడి పలక రంగు.
దాని మీద, కుడి వెనక భాగాన,
ఎవరో అరచేత్తో సుద్ద పూసినంత తెలుపు.
పై అంచు మడతల వెంబడి కోసినట్టుంది.
లోపలి అంచు ఎక్కడాగిందో తెలీదు.
వాపు లేదు. పక్కదాన్ని నెట్టలేదు.
రంగు మందు ఎక్కించినా వెలగలేదు.
ఇంత చప్పుడు లేకుండా పాడుచేసేవి తక్కువ.

ఈ వైరస్ నాలోనూ ఉండొచ్చు.
చిన్నప్పుడెప్పుడో దూరి, మూత్రపిండాల్లో పడుకుని
మనతోపాటే పెళ్ళిళ్ళకీ ఓట్లకీ తిరుగుతుంది.
కాపలావాడు కునికితే లేస్తుంది.
తీగ మీది తొడుగు తినేస్తుంది.
తీగ ఉంటుంది, కబురే అందదు.

"తుడిస్తే పోయేదేనా అమ్మా?"
నా భుజం మీంచి తెర చూసి అడిగింది.
ఆమె చేతిలోకి వచ్చిన పలకలన్నీ
తడిగుడ్డకి లొంగినవే.
రిపోర్టు డాక్టరుగారు రాస్తారు, రేపు పదింటికి, అన్నాను.
మందులు మళ్ళీ మొదలెడితే ఆగినవాళ్ళనీ చూశాను.
ఆగనివాళ్ళనీ.
పచ్చ పుస్తకాన్ని డాక్టరు కవర్లో
అన్నిటికన్నా పైన పెట్టాను.

బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటున్నాడు.
కుడిది తొడుక్కున్నాడు.
ఎడమది పక్కనే ఉంది. ఎవరో ఎత్తుకుపోయారంటున్నాడు.
వంగి, దాన్ని తీసి
కుడివైపుకి పెట్టాను.