ఎవుర్ని కరిసింది?

కార్తీకం చలి మొదలైన మూడో రాత్రి
రాగి ఊపిరి నాకు వినపడింది.

పాము ఊపిరి వినపడకూడదు.
మోటార్లకు వైండింగు చేసేవాణ్ని,
మూగగా తిరగాల్సిన బేరింగు కూత పెడితే
దానర్థమేందో నాకు తెలుసు.
నోటి అంచున సబ్బునురగంత బుడగ.
తల పైకెత్తి గాలి మింగుతా ఉంది.

రాగి అంటే సంగటి రంగో, చెంబు రంగో
పేరు పెట్టిన్నాడు నాకే తెలీదు.
బెంగుళూరులో కొన్న బాల్ పైథాను.
అటవీశాఖ కాగితం బీరువాలో, రేషన్ కార్డు కింద.
అప్పట్నుంచి మా అమ్మ ఆ బీరువా ముట్టదు.

పొద్దున్నే టవర్ క్లాక్ కాడ అడిగినా,
"పాము డాక్టరు ఎవరన్నా ఉన్నారా?"
"ఎవుర్ని కరిసింది?"
ఆటో దిగి మరీ అడిగినాడు హాజీవలి.
మందుల షాపులో అడిగినా,
"ఎవుర్ని కరిసింది? ఎంతసేపయింది?"
ఫోన్లో మా బామ్మర్ది,
"పైన కట్టు కట్టినారా?"
మన మాటలో పాము డాక్టరంటే
పాము నుంచి కాపాడేవాడే.
పామును కాపాడేవాడికి మాటే ల్యాదు.

పశువుల ఆస్పత్రిలో వరస.
గాలికుంటు ఎద్దు, నీలినాలుక గొర్రె, ఈనలేని మేక,
ఆ ఎనక ముడేసిన దిండుగలీబుతో నేను.
సారు మంచోడే. అద్దాలు తుడుచుకున్నాడు.
"గొర్రె జబ్బు చెప్పు, నిద్దట్లో మందు రాస్తా.
దీనికి ఎంతయితే ఎక్కువో, ఎంతయితే తక్కువో
నాకు తెలీదు నాయనా. తెలీకుండా పొడవను."
ఆ మాటకు దండం పెట్టాలని ఇప్పుడనిపిస్తాది.
అప్పుడు తిట్టుకుంటానే బయటికొచ్చినా.

రెండోవాడికి అన్నీ తెలుసు.
కుక్కల క్లినిక్కు, ఏసీ రూము.
సంచి విప్పకముందే సూది నింపినాడు.
"బరువు చూడరా?" అంటే
"పాముకు బరువేంది!" అని నవ్వినాడు.
ముడి ముడిగానే వెనక్కి తెచ్చుకున్నా.

సాయంత్రం గొర్రెల సారే ఫోన్ చేసినాడు.
"కడపలో తహసీన్ అని ఒకమ్మాయి ఉంది,
నాకంటే తెలిసిన పిల్ల. పో."

చొక్కా లోపల, పొట్టకు కట్టుకున్నా సంచిని.
కండక్టరు ఏందంటే సద్దిమూట అన్నా.
తాడిపత్రి దాటినాక రోడ్డు గుంతలు,
గుంతకో గురక.
వినపడితే భయం,
వినపడకపోతే ఇంకా భయం.

తహసీన్ మేడం ముందు పామును చూడల్యా, నన్ను చూసింది.
వెచ్చటి మూల ఎన్ని డిగ్రీలు? చల్లటి మూల?
రాత్రిపూట? గాలిలో తేమ?
కుబుసం ఎప్పుడిడిసింది, ఒకే ముక్కగా వచ్చిందా?
ఆఖరి ఎలుక ఏ తేదీ?
నాకు ఎలుక తేదీ ఒక్కటే తెలుసు.
"సగం జబ్బు మీ ఇంట్లోనే ఉంది వన్నూరప్పా"
అనింది, కోపం లేకుండానే.
వంటింటి కాటా మీద డబ్బా పెట్టి తూచింది.
పదకొండు వందల నలభై గ్రాములు.
మద్రాసులో ఎవరికో ఫోన్ చేసి
ఒక్క అంకెను రెండుసార్లు అడిగి రాసుకునింది.
తలవైపు సగంలో, పొలుసుల సందున, సన్నటి సూది.
ఇంక మూడ్రోజులకొకటి.

కళ్యాణదుర్గం నుంచి అమ్మ దిగింది,
పట్టుపురుగుల షెడ్డులో ఉండే
తడిబుడ్డి పొడిబుడ్డి థర్మామీటరుతో.
"పురుగైనా ఇంతే. చలి తగిల్తే ఆకు ముట్టదు"
అనింది, రాగిని కాదు, గోడను చూస్తా.
రాత్రి రెండింటికి లేస్తే
గాజుపెట్టె ముందర కూర్చోనుంది,
అంకెల మీద వేలుపెట్టి సదువుకుంటా.

ఏడో సూదికి బుడగ పోయింది.
రాగికి ఇదేం తెలీదు. నేనెవరో తెలీదు.
పొడిచిన చేయీ, వెచ్చగా కప్పిన చేయీ
దానికి ఒకటే చేయి.

నిన్న పెట్టెకు చెవి ఆనించినా.
చానాసేపు ఆనించినా.
ఏమీ వినపడల్యా.

"ఏమంటాంది?" అనింది అమ్మ, వంటింట్లోంచి.